కట్ట చిన్నదే, కానీ కింద ఇళ్లున్నాయి

ప్రశ్న: మా మామగారు పాతికేళ్ల కిందట మా తోటలోంచి పోయే వాగుకు అడ్డంగా ఒక మట్టికట్ట కట్టించారు. సాగు కోసం కాదు, సెలవుల్లో అందరం చేరి ఈత కొట్టడానికి, పడవ నడపడానికి, గాలం వేసుకోవడానికి. కట్ట ఎత్తు 20 అడుగులు, పొడవు 300 అడుగులు ఉంటుంది. నీరు రెండున్నర ఎకరాల్లో నిలుస్తుంది. అలుగు కట్ట పైభాగానికి 3 అడుగుల కిందుగా ఉంది. మామగారు పోయాక కట్టను పట్టించుకున్నవాళ్లు లేరు. బయటి వాలు మీద చెట్లు పెరిగాయి. తూము గొట్టం బయటికొచ్చే చోట నేల ఎప్పుడూ తడిగా ఉంటోంది. ఇప్పుడు మా బావగారు అలుగు మీద అడుగు ఎత్తున చెక్కపలకలు బిగించి, చేపలు పోకుండా వల కట్టిద్దాం అంటున్నారు. నీళ్లు పెరిగితే పడవకు బాగుంటుందట. కట్టకు దిగువన అర కిలోమీటరు దూరంలో నాలుగు ఇళ్లు, ఒక రోడ్డు ఉన్నాయి. వానలు వస్తున్నాయంటే నాకు టెన్షన్‌గా ఉంటోంది. "ఇంత చిన్న కట్టకు ఏమవుతుంది" అని ఇంట్లో అందరూ కొట్టిపారేస్తున్నారు. నా భయం అనవసరమా? అసలు ఈ కట్ట ఉంచుకోవాలా, తీసేయించాలా?
- ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీ భయంలో అర్థం ఉంది. ముందు ఒక్క మాట చెప్పి మిగతా విషయాలకు వస్తాను. అలుగు మీద పలకలూ వద్దు, వలా వద్దు. ఇప్పటికే బిగించి ఉంటే ఈ వారమే తీయించండి. మిగతావి ఒకదాని తర్వాత ఒకటి చూసుకోవచ్చు కానీ ఇది మాత్రం పెద్ద వాన పడేలోపు తేలిపోవాలి.

ఎత్తును బట్టి చూస్తే మీది చిన్న కట్టే. అంతర్జాతీయ భారీ డ్యాముల కమిషన్ 15 మీటర్లు, అంతకు మించి ఎత్తున్న వాటిని భారీ డ్యాములు అంటుంది. మీది అందులో సగం కూడా లేదు. అయితే డ్యాముల భద్రత చూసే ఇంజనీర్లు ఇంకో లెక్క కూడా వేస్తారు: ఈ కట్ట తెగితే ఎవరి ప్రాణం పోతుంది? దీన్నే ప్రమాద స్థాయి అంటారు. కట్ట గట్టిగా ఉందా, బలహీనంగా ఉందా అన్నదానితో ఈ లెక్కకు పని లేదు. నిన్ననే చక్కగా కట్టి పూర్తి చేసిన కట్ట అయినా, వరద పోయే దారిలో మనుషులుండే ఇల్లు ఒక్కటి ఉంటే చాలు, దాన్ని అధిక ప్రమాద కోవలోనే వేస్తారు. మీ కట్ట కింద నాలుగు ఇళ్లున్నాయి.

మీ ఇంట్లోవాళ్లకు నీటి లెక్క కూడా చూపించండి. రెండున్నర ఎకరాలంటే దాదాపు 10,000 చదరపు మీటర్లు. కట్ట దగ్గర లోతు 5 మీటర్లు అనుకుందాం. లోయ ఆకారాన్ని బట్టి ఈ రెంటి గుణకారంలో 0.4 వంతు నీరు ఉంటుందని ఇంజనీర్లు ఉజ్జాయింపుగా లెక్కగడతారు. అంటే 20,000 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు నీరు ఒక టన్ను బరువు. మొత్తం 20 వేల టన్నులు, 10 వేల లీటర్లు పట్టే ట్యాంకర్లయితే రెండు వేలు. మట్టికట్టకు గండి పడ్డాక అది నిమిషాల్లోనే వెడల్పవుతుంది. ఆ నీరంతా అర కిలోమీటరు దూరంలోని ఇళ్ల దగ్గరికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. రాత్రివేళ అయితే నిద్ర లేచి బయటికి వచ్చే వ్యవధి కూడా ఉండదు.

సరిగ్గా అలాగే జరిగింది అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, టొకోవా ఫాల్స్ దగ్గర. కెల్లీ బార్న్స్ డ్యామ్ ఎత్తు 38 అడుగులు. ఒకప్పుడు దాంతో కరెంటు తయారుచేసేవారు. 1957లో అది ఆగిపోయాక ఆ సరస్సు విహారానికే మిగిలింది. ఆదాయం లేని కట్ట కాబట్టి దాని మంచిచెడ్డలు చూసే పనీ మందగించింది. బయటి వాలు మరీ నిటారుగా ఉండేది, దాని మీద చెట్లు పెరిగాయి, అంతకు కొన్నేళ్ల ముందే ఒకచోట మట్టి జారింది కూడా. 1977 నవంబర్ 6న, భారీ వాన తర్వాత, తెల్లవారకముందే కట్ట తెగింది. కింద ఉన్న కాలేజీ ఆవరణలో నిద్రలో ఉన్నవాళ్లలో 39 మంది చనిపోయారు. తెగడానికి ఫలానాది ఒక్కటే కారణమని విచారణ జరిపినవాళ్లు తేల్చలేకపోయారు. నిటారు వాలు, లోపలి ఊట, జారిన మట్టి, వాన అన్నీ కలిశాయి. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ డ్యామే.

ఇక మీ బావగారి ఆలోచన. ఆయన ఉద్దేశం మంచిదే, పిల్లలు సరదా పడాలనే. కానీ విహారం కోసం కట్టుకున్న డ్యాములను దెబ్బతీసేవి చాలావరకు ఇలాంటి చిన్న చిన్న మార్పులే. పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ డ్యామ్‌ది ఇదే కథ. 72 అడుగుల ఎత్తున్న పెద్ద మట్టికట్ట అది, కాలువ కోసం ప్రభుత్వం కట్టించింది. తర్వాత చేతులు మారుతూ 1879లో చేపల వేట, విహారాల కోసం ఏర్పడ్డ ఒక క్లబ్బుకు వెళ్లింది. అడుగున నీరు వదిలే ఇనుప గొట్టాలను అంతకుముందు యజమాని పీకి అమ్మేసుకున్నాడు. క్లబ్బు వాటిని మళ్లీ వేయించలేదు. రెండు గుర్రపుబండ్లు ఎదురెదురుగా వెళ్లేందుకు కట్ట పైభాగాన్ని చెక్కి వెడల్పు చేశారు, దాంతో ఎత్తు తగ్గింది. కట్ట మధ్యభాగం కుంగిపోయినా సరిచేయలేదు. చేపలు బయటికి పోకుండా అలుగుకు జాలీలు బిగించారు. విడివిడిగా చూస్తే ఇవన్నీ చిన్న సౌకర్యాలే. 1889 మే 31న కుండపోత వానకు కొట్టుకొచ్చిన చెత్త ఆ జాలీలకు అడ్డం పడింది, అలుగు పూర్తిగా పారలేదు, కిందికి వదలడానికి గొట్టాలు లేవు, నీరు కట్ట మీదుగా పొర్లింది. 14 మైళ్ల దిగువనున్న జాన్స్‌టౌన్ కొట్టుకుపోయింది. 2,209 మంది చనిపోయారు.

మీ అలుగు సంగతికొద్దాం. కట్ట తలకూ అలుగుకూ మధ్య 3 అడుగులున్నాయి కాబట్టి, అందులో అడుగు పోయినా ఇంకా రెండున్నాయి కదా అని మీ బావగారు అనుకుంటూ ఉండవచ్చు. అలుగు మీదుగా పారే నీరు ఎత్తుకు నేరుగా దామాషాలో పెరగదు, తరగదు. ఎత్తు కొంచెం తగ్గితే ప్రవాహం అంతకంటే ఎక్కువ తగ్గుతుంది. లెక్క వేసి చూస్తే, 3 అడుగుల మందాన పారగలిగిన అలుగు 2 అడుగుల మందాన పారితే వదలగలిగే నీరు సుమారు 54 శాతమే. అడుగు పలకతో మీరు అలుగు శక్తిని దాదాపు సగానికి కోసేస్తున్నారు. పైనుంచి వచ్చే వరద మాత్రం సగం కాదు. పలకలను అవసరమైనప్పుడు తీసేస్తాంలే అంటారు. కుండపోతలో, చీకట్లో, నీరు వాటిని నొక్కిపట్టి ఉన్నప్పుడు అవి ఊడిరావు. వాటికోసం వెళ్లిన మనిషి తిరిగి రావడమే కష్టం.

ఇది ఎప్పటివో పాత సంగతులే అనుకోకండి. 2006 మార్చి 14న హవాయి దీవుల్లో కౌవాయిలో ప్రైవేటు స్థలంలో ఉన్న కాలోకో డ్యామ్ తెగి ఏడుగురు చనిపోయారు. అలుగును మట్టితో పూడ్చేశారని విచారణలో తేలింది. నీరు పోయే దారి లేక కట్ట మీదుగా పొర్లింది.

మట్టికట్టకు పొర్లు తట్టుకునే శక్తి ఉండదు. కాంక్రీటు డ్యామ్ మీదుగా కాసేపు నీరు దూకినా నిలబడవచ్చు. మట్టికట్ట బయటి వాలు మాత్రం కోసుకుపోతూ పైదాకా వస్తుంది. కాబట్టి మీ కట్టకు అలుగే ప్రాణం. దాన్ని ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. పడవ కట్టే తాళ్లు, కొట్టుకొచ్చిన కొమ్మలు, గుర్రపుడెక్క, పిల్లలు పేర్చిన రాళ్లు, ఏమున్నా తీయించండి. అలుగు నుంచి పారే నీరు కట్ట పాదం వైపు మళ్లకుండా దూరంగా వాగులో కలుస్తోందో లేదో కూడా వాన పడుతున్నప్పుడు సురక్షితమైన చోట నిలబడి చూడండి.

రెండోది తూము దగ్గరి తడి. నాకు అలుగు తర్వాత ఎక్కువ కంగారు పుట్టించింది ఇదే. నీరు నిలిచిన ప్రతి మట్టికట్టలోనూ ఎంతో కొంత ఊట ఉంటుంది, అదంతా ప్రమాదం కాదు. అయితే గొట్టం వెంబడి వచ్చే ఊట వేరు. గొట్టం చుట్టూ మట్టిని గట్టిగా దిమ్మిస కొట్టడం కష్టం, అక్కడ సందు మిగిలిపోతుంది. రేకు గొట్టమైతే పాతికేళ్లకు తుప్పు పట్టి చిల్లులు పడే వయసు వచ్చేస్తుంది. నీరు ఆ సందులోంచి పోతూ మట్టి రేణువులను ఒక్కొక్కటిగా మోసుకుపోతే లోపల బుంగ పడుతుంది. బయటి వైపు మొదలై నీటివైపుకు పాకుతుంది కాబట్టి చివరిదాకా పైకి ఏమీ కనిపించదు. 1982 జులై 15న కొలరాడోలో లాన్ లేక్ డ్యామ్ తెగింది ఇలాంటి కారణంతోనే. దాని ఎత్తు 26 అడుగులు, మీ కట్టకన్నా ఆరడుగులు ఎక్కువ, అంతే. తూము గొట్టానికీ వాల్వుకూ మధ్య అతుకు లీకై చుట్టూ మట్టి కోసుకుపోయింది. ముగ్గురు చనిపోయారు.

మీరు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. తడి ఉన్న ప్రాంతం అంచుల్లో నాలుగు మేకులు పాతి పెట్టండి, తడి వాటిని దాటి పెరుగుతోందేమో తెలుస్తుంది. నీరు ధారగా వస్తుంటే చిన్న కాలువ తీసి ఒక గొట్టంలోకి మళ్లించి, కింద బకెట్ పెట్టి నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోన్‌లో చూసుకోండి. తారీకు, చెరువులో నీటిమట్టం, ఆ వారం వాన పడిందా లేదా పక్కన రాసిపెట్టండి. అన్నిటికంటే ముఖ్యం నీటి రంగు. గాజు గ్లాసులో పట్టి కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున మట్టి పేరుకుందంటే ఆ మట్టి మీ కట్ట లోపలి నుంచి వస్తోందని అర్థం. నీరు తేటగా ఉండి, బకెట్ నిండే సమయం నెలల తరబడి మారకపోతే ఇంజనీరు వచ్చేదాకా ఆగవచ్చు. నీటిమట్టం పెరగకపోయినా ఊట పెరిగినా, నీరు మురికిగా మారినా, నేలలోంచి ఇసుక ఉబికి చిన్న కుప్పలా చుట్టూ పేరుకుంటున్నా ఆగకూడదు. వెంటనే తూము తెరిచి నీరు తగ్గించడం మొదలుపెట్టి, కింది ఇళ్లవాళ్లకు చెప్పి, అధికారులకు ఫోన్ చేయాలి.

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది. నీరు వస్తున్న రంధ్రంలో సిమెంటో బంకమట్టో కూరి మూసేస్తారు. వద్దు. బయట మూస్తే లోపల ఒత్తిడి పెరిగి నీరు ఇంకోచోట నుంచి పొడుచుకొస్తుంది. నీటిని పోనివ్వాలి, మట్టిని పోనివ్వకూడదు. అందుకే ఊట మీద మొదట శుభ్రమైన ఇసుక, దాని మీద సన్నకంకర, ఆపైన పెద్దకంకర పరుస్తారు. దీన్నే ఫిల్టర్ అంటారు. అత్యవసరంలో ఇది కాస్త సమయం ఇస్తుంది, అసలు మరమ్మతు మాత్రం ఇంజనీరే చూడాలి.

తూము పనిచేస్తోందా అన్నది ఇంకో ప్రశ్న. ఏళ్ల తరబడి తిప్పని షట్టర్ అవసరం వచ్చిన రోజున కదలదు. ఏడాదికి ఒకసారైనా తెరిచి మూయాలి. కానీ మీ తూము చుట్టూ తడి ఉంది కాబట్టి మొదటిసారి ఇంజనీరు పక్కన ఉన్నప్పుడే తిప్పించండి. మామూలు రోజుల్లో చెరువు ఖాళీ చేయాల్సి వస్తే రోజుకు అడుగుకు మించి దించకండి. ఒక్కసారిగా నీరు తీసేస్తే నీటివైపు వాలులో నానిన మట్టికి ఆసరా పోయి జారిపోతుంది. కట్ట తెగే ప్రమాదం కళ్లముందున్నప్పుడు మాత్రం ఈ లెక్క చూడరు.

చెట్ల గురించి మీ ఇంట్లో ఒకరు నరికేద్దాం అంటారు, ఇంకొకరు వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి అంటారు. రెండూ తొందరపాటే. కట్ట మీద చెట్టు ఉండకూడదు. గాలివానకు కూలితే వేళ్లతో పాటు కట్టలో పెద్ద ముక్క లేచొస్తుంది. చచ్చిపోతే వేళ్లు కుళ్లి నీటికి దారులవుతాయి. అందుకే పెద్ద చెట్టును నరికి మొద్దును అలాగే వదిలేయడం కూడా మంచిది కాదు, చెరువు నిండుగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పెకలించడం అంతకన్నా ప్రమాదం. చిన్న మొక్కలను ఇప్పుడే తీసేయండి. పెద్ద చెట్లను నీరు దించాక, ఇంజనీరు చెప్పిన క్రమంలో తీసి, గుంతను పొరలు పొరలుగా మట్టి వేసి దిమ్మిస కొట్టి పూడ్చాలి. కట్ట మీద ఉండాల్సింది పొట్టి గడ్డి. అది మట్టిని పట్టి ఉంచుతుంది, పైగా ఎలుక కన్నాలు, బీటలు, కొత్త తడి కంటికి కనిపిస్తాయి. పొదలున్న కట్టను తనిఖీ చేయడం ఎవరివల్లా కాదు.

కట్ట తల సమంగా ఉందో లేదో ఒకసారి లెవెల్ పెట్టి చూపించండి. సర్వేయర్‌కు ఒక పూట పని. మట్టి ఏళ్లు గడిచేకొద్దీ కుంగుతుంది, సాధారణంగా మధ్యలో, అంటే ఎత్తు ఎక్కువగా ఉన్నచోట. మీరు 3 అడుగులు అనుకుంటున్నది అక్కడ 2 అడుగులే అయి ఉండవచ్చు. పొర్లితే ముందు అక్కడే పొర్లుతుంది.

పిల్లల ఈత విషయం మీరు అడగలేదు కానీ చెప్పాలి. తూము లోపలి మూతి దగ్గరికీ, పారుతున్న అలుగు దగ్గరికీ ఎవరూ వెళ్లకుండా తేలే బంతుల తాడు కట్టించండి. తెరిచిన తూము మూతి దగ్గర నీటి లాగుడు పెద్దవాళ్లను కూడా అదిమిపట్టేస్తుంది. తూము తిప్పే రోజున నీళ్లలో ఎవరూ ఉండకూడదు. పడవ ఎక్కే ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలి, ఈత వచ్చినవాళ్లకు కూడా.

ఇప్పుడు దిగువ ఇళ్ల సంగతి. ఆ నాలుగు కుటుంబాలతో మీరు ఇంతవరకు దీని గురించి మాట్లాడి ఉండరని అనుకుంటున్నాను. చాలామంది యజమానులు మాట్లాడరు, భయపెట్టినట్టవుతుందని, తప్పు ఒప్పుకున్నట్టవుతుందని. వెళ్లి మాట్లాడండి. వాళ్ల ఫోన్ నంబర్లు, స్థానిక పోలీసులు, అగ్నిమాపక దళం నంబర్లు, తూము ఎలా తెరవాలి, ఏం కనిపిస్తే ఎవరు ఎవరికి చెప్పాలి, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి వాళ్లకూ ఒకటి ఇవ్వండి. నీరు వస్తోందని తెలిస్తే ఏ మిట్టకు ఎక్కాలో వాళ్లతోనే కలిసి నడిచి చూడండి. రోడ్డు మీద వాహనాలను ఎవరు ఆపాలో కూడా అనుకోండి, ఎందుకంటే వరదలో చనిపోయేవాళ్లలో వాహనాల్లో ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు. భారీ వాన రాత్రి మీ ఇంట్లో ఒకరు మెలకువగా ఉండి నీటిమట్టం చూస్తుండాలి. దానికి కట్ట మీదికి వెళ్లనక్కర్లేదు. ఒడ్డున అడుగుల గుర్తులున్న కర్ర పాతి టార్చి వేసి చూస్తే చాలు.

చట్టం మాటకొస్తే, ఎంత ఎత్తు దాటితే అనుమతి, తనిఖీ అవసరం అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. మీ కట్ట ఆ పరిమితికి లోబడి ఉన్నా, తెగితే జరిగే నష్టానికి యజమాని జవాబు చెప్పుకోనక్కర్లేదని కాదు. మామగారి తర్వాత స్థలం ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి. బాధ్యత వాళ్లది. ఖర్చు దగ్గర మీమీలో మాట పడకముందే ఇది తేలడం మంచిది.

ఉంచుకోవాలా, తీసేయించాలా అన్నారు. మట్టికట్టల అనుభవం ఉన్న ఇంజనీరును పిలిపించి కట్ట అంతా చూపించి రెండు అంచనాలు అడగండి. ఒకటి బాగుచేయడానికి, అంటే అలుగును అక్కడి గరిష్ఠ వరదకు సరిపడేలా సరిచేయడం, తూము గొట్టం మార్చడం, చెట్లు తీయడం, ఆపైన ఏటేటా నిర్వహణ. రెండోది తీసేయడానికి, అంటే నీరు నెమ్మదిగా దించి, అడుగున పేరుకున్న పూడిక ఒక్కసారిగా వాగులోకి పోకుండా చూస్తూ, కట్టకు పద్ధతిగా కోత పెట్టడం. మూడో దారి కూడా ఒకటి ఉంది, దాన్ని చాలామంది ఆలోచించరు: అలుగును నాలుగైదు అడుగులు కిందికి దించి, చెరువును చిన్నది చేసుకోవడం. నీరు తగ్గుతుంది, కట్ట మీద ఒత్తిడి తగ్గుతుంది, వరదను మోయడానికి ఖాళీ పెరుగుతుంది. పడవకు కాస్త చోటు తగ్గినా పిల్లలకు ఈతకు ఉంటుంది. ఏటా కట్ట మీద డబ్బూ సమయమూ పెట్టడానికి మీ ఇంట్లో ఒక మనిషి పేరు గట్టిగా చెప్పగలిగితే మొదటి దారి పట్టండి. అలా చెప్పలేకపోతే రెండో దారో మూడో దారో ఎంచుకోండి. ఏది ఎంచుకున్నా ఇంజనీరు వచ్చి చూసేదాకా నీరు ఇప్పుడున్న మట్టం కంటే పెరగనివ్వకండి.